చెప్పడం మానేసిన టీమ్: ఒక సర్వీస్ విభాగం కేస్ స్టడీ

"మా ఇంజినీర్లు ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పరండీ. నాలెడ్జ్ షేరింగ్ మీద రెండు రోజుల ట్రైనింగ్ ఇవ్వగలరా?" అని ఆ కంపెనీ హెచ్‌ఆర్ హెడ్ ఫోన్ చేశారు. సంస్థల్లో మనుషుల మధ్య వచ్చే చిక్కుల మీద పనిచేయడం నా వృత్తి. ఇలాంటి ఫోన్లు తరచూ వస్తుంటాయి. అడిగేది దాదాపు ఎప్పుడూ ట్రైనింగే. ట్రైనింగ్‌తో తీరే సమస్య మాత్రం అరుదుగా ఉంటుంది.

కంపెనీని, మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలు ఇక్కడ మార్చాను. వాళ్ళు చెప్పిన మాటల సారం మార్చలేదు.

అది ప్యాకింగ్ మెషీన్లు అమ్మి, వాటికి సర్వీస్ చేసే కంపెనీ. సర్వీస్ టీమ్‌లో ఒక మేనేజర్, ఆయన కింద 11 మంది ఫీల్డ్ ఇంజినీర్లు. కస్టమర్ ఫ్యాక్టరీలో మెషీన్ ఆగిపోతే వీళ్ళు వెళ్ళి సరిచేసి, సర్వీస్ రిపోర్ట్ రాసి వస్తారు. ఈ పనిలో మాన్యువల్ కొంతవరకే ఉపయోగపడుతుంది. మిగతాదంతా అనుభవం. ఏ మోడల్ ఏ సీజన్‌లో మొరాయిస్తుందో, ఏ శబ్దం వస్తే ఏ బేరింగ్ చూడాలో, ఏ కస్టమర్ దగ్గర ఆపరేటర్ సెట్టింగ్ మార్చేసి మార్చలేదంటాడో, ఇవన్నీ ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళ తలల్లోనే ఉంటాయి.

నన్ను పిలవడానికి కారణమైన సంఘటన ఇది. చేరి ఏడాది కూడా నిండని కుర్రాడిని ఒక ఫ్యాక్టరీకి పంపారు. మెషీన్‌లో పౌచ్ పొడవు కొన్ని గంటలకోసారి తేడా వస్తోంది. ఎప్పుడూ రాదు, అప్పుడప్పుడు వస్తుంది. ఇలాంటి ఫాల్ట్ పట్టుకోవడం చాలా కష్టం. అతను ముందు సెన్సర్ మార్చాడు. తర్వాత ఫిల్మ్ ఎంత కదిలిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్ మార్చాడు. మొదటి రోజు సాయంత్రమే టీమ్‌లో అందరికంటే సీనియర్‌కి ఫోన్ చేశాడు. "చాలా కారణాలు ఉండొచ్చురా, ఆఫీసుకొచ్చాక చూద్దాం" అన్నాడాయన. ఇంకో ముగ్గురికి చేశాడు. ఒకరు ఫోన్ ఎత్తలేదు, ఒకరు తెలియదన్నారు, ఒకరు మాన్యువల్ చూడమన్నారు. మూడో రోజు కస్టమర్ గట్టిగా గొడవ చేస్తే ఆ సీనియర్‌నే పంపించారు. ఆయన ప్యానెల్ తెరిచి, ఎన్‌కోడర్ కేబుల్ షీల్డ్‌కి ఉన్న ఎర్తింగ్ కనెక్షన్ బిగించి అరగంటలో మెషీన్ నడిపించాడు. ఎర్తింగ్ వదులైతే పక్కనున్న డ్రైవ్ (మోటార్ వేగాన్ని అదుపు చేసే యూనిట్) నుంచి వచ్చే ఎలక్ట్రికల్ నాయిస్ ఆ కేబుల్లోకి దూరి లెక్క తప్పిస్తుంది. ఈ సంగతి ఆయనకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు. ఫోన్‌లో ఒక్క వాక్యంలో చెప్పగలిగిన విషయం.

మేనేజ్‌మెంట్ వెంటనే ఒక నిర్ణయానికొచ్చింది. సీనియర్‌ది స్వార్థం, యాటిట్యూడ్ ప్రాబ్లమ్. మిగతావాళ్ళదీ అదే దారి. కాబట్టి ట్రైనింగ్.

నేను చేసిన పొరపాటు

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ముందు టీమ్‌తో మాట్లాడి ఉండాల్సింది. హెచ్‌ఆర్ హెడ్ నిజాయితీగా బాధపడుతున్నారు, కస్టమర్ ఒత్తిడి ఉంది, ఏదో ఒకటి త్వరగా మొదలుపెట్టాలన్న తొందరలో నేనూ పడ్డాను. రెండు రోజుల వర్క్‌షాప్ చేశాం. ఎవరైనా తమకు తెలిసిన కిటుకులు రాయగలిగేలా ఒక పోర్టల్ పెట్టించాం. నెలకోసారి ఎక్కువ రాసినవాళ్ళకి గుర్తింపు అన్నాం.

మూడు వారాల్లో పోర్టల్ నిండింది. చదివి చూస్తే దాదాపు అన్నీ మాన్యువల్లోంచి ఎత్తి రాసినవే. "ఫిల్టర్ శుభ్రంగా ఉంచాలి", "పని మొదలుపెట్టే ముందు పవర్ ఆఫ్ చేయాలి" లాంటివి. ఒక్కటి మాత్రం అసలు సరుకు. పౌచ్‌ని నొక్కి అతికించే సీలింగ్ జాస్‌లో వచ్చే సన్నని లీకేజీని ఫిల్మ్ రోల్ మారినప్పుడు ఎలా ముందే కనిపెట్టాలో ఒక ఇంజినీర్ ఫోటోలతో సహా రాశాడు. ఆ తర్వాత జరిగిన నెలవారీ రివ్యూకి నేనూ వెళ్ళాను. మేనేజర్ తన ప్రెజెంటేషన్‌లో అవే ఫోటోలు చూపించి, "ఈ క్వార్టర్‌లో నేను ప్రవేశపెట్టిన పద్ధతి" అన్నారు. రాసిన ఇంజినీర్ మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. అతని ముఖంలో కోపం కనిపిస్తుందనుకున్నాను. కోపం లేదు, ఆశ్చర్యం అసలే లేదు. ఇలా జరుగుతుందని ముందే తెలిసినవాడిలా తల దించుకుని నోట్‌బుక్‌లో ఏదో గీసుకుంటున్నాడు.

ఆ రోజు నుంచి పోర్టల్‌లో ఒక్క ఎంట్రీ కూడా పడలేదు. నేను హెచ్‌ఆర్ హెడ్‌కి ఫోన్ చేసి, "ఇవన్నీ ఆపేద్దామండీ. నాకు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే అవకాశం ఇవ్వండి" అని అడిగాను.

ఒక ప్రశ్న మార్చడం వల్ల

పదకొండు మందితోనూ ఆఫీసు బయట, ఒక్కొక్కరితో గంటకు పైనే కూర్చున్నాను. మొదటి ఇద్దరినీ "మీకు తెలిసింది ఎందుకు చెప్పరు?" అన్న అర్థం వచ్చేలా అడిగాను. ఇద్దరూ సంజాయిషీలు ఇచ్చారు. టైమ్ లేదు, పని ఎక్కువ, అడిగితే చెప్తాం. నేరం చేసినవాడిని అడిగినట్టు అడిగితే జవాబు కూడా అలాగే వస్తుంది. మూడో మనిషి దగ్గర ప్రశ్న మార్చాను: "మీరు చివరిసారి ఎవరికైనా ఏదైనా నేర్పింది ఎప్పుడు? నేర్పాక ఏమైంది?"

ఆ "ఏమైంది" దగ్గరే అందరూ తెరుచుకున్నారు.

ఒకతను తన సొంత సమయంలో ఫాల్ట్‌ల చార్ట్ ఒకటి తయారుచేసి టీమ్‌కి ఇచ్చాడు. వారం తిరగకముందే అది మేనేజర్ పేరుతో డైరెక్టర్ దగ్గరికి వెళ్ళింది. ఇంకొకామెకు మెషీన్ తయారీదారు దగ్గర అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్‌కి వెళ్ళే అవకాశం రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మేనేజర్ ఆపారు. "నువ్వు లేకపోతే ఇక్కడ పని ఆగిపోతుందమ్మా" అని మెచ్చుకోలుగా చెప్పారు. మరొకరు డిజైన్ విభాగానికి మారాలనుకుంటే ఆ దరఖాస్తు మేనేజర్ టేబుల్ మీదే నెలల తరబడి ఉండిపోయింది. సెలవుల్లో, అర్ధరాత్రి, ముందురోజే చెప్పి దూరపు సైట్లకు పంపడం మామూలైపోయింది. టార్గెట్ దాటినందుకు వచ్చిన అభినందన మెయిల్‌లో టీమ్ ప్రస్తావన ఒక్క ముక్క కూడా లేదని నలుగురు విడివిడిగా చెప్పారు. నాలుగేళ్ళ పిల్లాడు కూడా తన బొమ్మను గుర్తుపడతాడు, వీళ్ళు తమ పనిని గుర్తుపట్టరా?

ఇంతకీ ఆ మేనేజర్ అరిచే మనిషి కాదు. ఈ మాట నొక్కి చెప్పాలి. నేను చూసినంతలో ఆయన ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. నవ్వుతూ పలకరిస్తారు, ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం అడుగుతారు. అందుకే హెచ్‌ఆర్‌కి ఒక్క ఫిర్యాదు కూడా వెళ్ళలేదు. ఏమని ఫిర్యాదు చేస్తారు? తిట్టలేదు, కొట్టలేదు, అవమానించలేదు. పరిశోధనలో ఈ తేడాను ఇప్పుడు స్పష్టంగా చూస్తున్నారు. 2000లో బెన్నెట్ టెప్పర్ చేసిన పని తర్వాత, కింది ఉద్యోగులను మాటలతో చేష్టలతో వేధించే బాస్‌ల గురించి చాలా అధ్యయనాలు వచ్చాయి. స్వార్థంతో వాడుకునే బాస్ వేరు. ఎల్లెన్ ష్మిడ్, ఆమె సహ పరిశోధకులు 2019లో ప్రచురించిన పత్రంలో దీన్ని ఐదు ముఖాలుగా విడదీశారు: అన్నిటికంటే తన లాభమే చూసుకోవడం, ఇతరుల పనిని తన ఖాతాలో వేసుకోవడం, మితిమీరిన ఒత్తిడి పెట్టడం, కిందివాళ్ళ ఎదుగుదలకు అడ్డుపడటం, మనుషులను ఒకరిమీద ఒకరిని ప్రయోగించి ఆడించడం. ఇవన్నీ నవ్వుతూ కూడా చేయొచ్చు. నా నోట్స్‌లో ఆ ఐదింటికీ ఉదాహరణలు దొరికాయి. అన్నిటికంటే ఆలస్యంగా నాకు అర్థమైనది ఐదోది, మనుషులను ఆడించడం. ఈ కేసు తాళంచెవి అక్కడే ఉంది.

సీనియర్ మాట

ఆ సీనియర్‌తో నా ఇంటర్వ్యూ చివర్లో పెట్టుకున్నాను. అందరూ దోషి అంటున్న మనిషి కాబట్టి ముందు మిగతావాళ్ళ మాట వినాలనుకున్నాను. ఆయన చాలాసేపు మెషీన్ల గురించే మాట్లాడారు, ప్రేమగా. ఎర్తింగ్ ఫాల్ట్ గురించి అడిగితే కాసేపు ఆగారు.

"ఆ కుర్రాడంటే నాకు కోపం లేదండీ. వాడికి చెప్పకూడదని కూడా నేను అనుకోలేదు. చెప్పడం మానేశాను, అంతే. ఎవరికైనా సరే."

ఎందుకని అడిగాను.

"వాడికి చెప్తే వాడు సార్‌కి చెప్తాడు. కావాలని కాదు. సైట్ నుంచి రాగానే సార్ పక్కన కూర్చోబెట్టుకుని, బాగా చేశావ్ రా, నీకెలా తెలిసింది, ఎవరు చెప్పారు, ఇంకేం చెప్పారు అని మెల్లగా అడుగుతారు. కొత్తవాడు, సంతోషంగా అంతా చెప్పేస్తాడు. సోమవారానికి అది సార్ స్లైడ్‌లో ఉంటుంది. తర్వాత సార్ నా దగ్గరికొచ్చి, ఆ కుర్రాడు నిన్ను దాటిపోతున్నాడు చూసుకో అంటారు. వాడికీ నా గురించి ఏదో చెప్తారు. నాకు మిగిలింది ఇదొక్కటే." తల మీద వేలితో తట్టి చూపించారు. "ఇది కూడా ఇచ్చేస్తే నా దగ్గర ఇంకేం ఉంటుంది?"

అప్పటివరకు నాకు ఒక చిక్కు విడలేదు. కోపం బాస్ మీదైతే దాచాల్సింది బాస్ దగ్గర కదా, తోటివాళ్ళ దగ్గర ఎందుకు దాస్తున్నారు? పైవాడి మీద కోపం పక్కవాడి మీద చూపిస్తున్నారని తేలిగ్గా చెప్పేయొచ్చు. అలా జరిగే సంస్థలు కూడా ఉన్నాయి. ఇక్కడ జరిగింది వేరు. ప్రతి సహోద్యోగీ బాస్ దగ్గరికి వెళ్ళే ఒక గొట్టంలా మారిపోయాడు. అతని తప్పేమీ లేకుండానే. పక్కవాడికి చెప్పిన మాట ఎక్కడ తేలుతుందో తెలియనప్పుడు, పక్కవాడు ఎంత మంచివాడైనా నోరు పెగలదు. బాస్ చేసిన దోపిడీకి మూల్యం చెల్లించింది బాస్ కాదు, సైట్‌లో మూడు రోజులు ఒంటరిగా టెన్షన్ పడిన ఆ కుర్రాడు.

మనస్తత్వవేత్త స్టీవన్ హాబ్‌ఫాల్ 1989లో ప్రతిపాదించిన వనరుల పరిరక్షణ సిద్ధాంతం ఇలాంటి చోట నాకు చాలా ఉపయోగపడుతుంది. మనిషి తనకు విలువైనవాటిని కూడబెట్టుకుంటాడు, కాపాడుకుంటాడు. వచ్చే లాభం కంటే పోయే నష్టం మనసుకు బలంగా తగులుతుంది. ఇప్పటికే చాలా పోగొట్టుకున్నవాడు కొత్తవి సంపాదించడం మానేసి, మిగిలిన కాస్తను కాపలా కాయడం మొదలుపెడతాడు. పేరు పోయింది, ట్రైనింగ్ పోయింది, సెలవులు పోయాయి. తలలో ఉన్నది మాత్రం ఎవరూ లాక్కోలేరు. పైగా అది దాచినట్టు ఎవరూ నిరూపించలేరు కూడా. మనకు తెలిసినదంతా మాటల్లో పెట్టలేమని తత్వవేత్త మైకేల్ పొలాన్యీ 1966లోనే చెప్పారు. మెషీన్ శబ్దాన్ని బట్టి లోపం పట్టే మనిషిని "అంతా రాసిపెట్టు" అని ఎవరు ఆదేశించినా, అతను ఎంత రాశాడో, ఎంత వదిలేశాడో తేల్చే పరికరం లేదు. అందుకే పోర్టల్ నిండిపోయింది, అందుకే అందులో ఏమీ లేదు.

దాచడంలో రకాలు

క్యాథరిన్ కనెల్లీ, ఆమె సహచరులు 2012లో జ్ఞానాన్ని దాచడం అన్న విషయాన్ని నిర్వచించారు. ఎవరూ అడగకపోతే చెప్పకుండా ఉండటం దాచడం కాదు. ఒకరు అడిగినప్పుడు, తెలిసి కూడా కావాలని ఇవ్వకపోవడమే దాచడం. మూడు రకాలు చెప్పారు. అరకొరగా చెప్పడం లేదా తర్వాత చెప్తానని దాటేయడం ఒకటి. తెలియనట్టు నటించడం రెండోది. ఇవ్వలేకపోవడానికి ఒక కారణం చూపించడం మూడోది. ఈ మూడోదాంట్లో అబద్ధం ఉండాలనేం లేదు.

ఆ కుర్రాడు చేసిన నాలుగు ఫోన్లను ఈ వెలుగులో మళ్ళీ చూశాను. సీనియర్ "ఆఫీసుకొచ్చాక చూద్దాం" అన్నది మొదటి రకం. తెలియదన్న మనిషికి నిజంగా తెలుసని తర్వాత ఆయనే నాతో ఒప్పుకున్నారు, అది రెండోది. మాన్యువల్ చూడమన్నది కూడా ఒక రకంగా దాటేయడమే. మూడో రకం మాత్రం పైవాళ్ళతో వాడుతున్నారు: "ఆ కస్టమర్ డేటా కాన్ఫిడెన్షియల్ సార్", "ఇంకా పూర్తిగా టెస్ట్ చేయలేదు సార్". తోటివాళ్ళ దగ్గర దాటవేత, బాస్ దగ్గర నిబంధన. ఎవరి దగ్గర ఏది చెల్లుతుందో అందరికీ ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది.

సర్వీస్ రిపోర్టుల ఫైళ్ళు కూడా తిరగేశాను. ఈ మేనేజర్ రాకముందు రాసిన రిపోర్టుల్లో ఫాల్ట్ ఎలా కనిపించింది, ముందు ఏం అనుమానించారు, చివరకు ఏం తేలింది అని కథలా ఉండేది. కొన్నిట్లో చేత్తో గీసిన బొమ్మలు కూడా ఉన్నాయి. ఆయన వచ్చాక నెమ్మదిగా చిక్కిపోతూ వచ్చి, చివరికి "ఫాల్ట్ సరిచేయబడింది, మెషీన్ రన్నింగ్" అన్న ఒక్క వాక్యం మిగిలింది. ఏ నెలలో ఎవరి రాత కుదించుకుపోయిందో చూస్తే, ఎవరికి ఎప్పుడు దెబ్బ తగిలిందో చెప్పేయొచ్చు. ఫాల్ట్ చార్ట్ చేసిన ఇంజినీర్ రిపోర్టులు ఆ చార్ట్ పైకి వెళ్ళిన నెల నుంచే చిన్నవయ్యాయి.

అంతకంటే నన్ను భయపెట్టింది ఇంకొకటి. పొరపాట్ల కాలమ్‌లో ఎవరూ ఏమీ రాయడం లేదు. మేనేజర్ దీన్ని తన విజయంగా చూపించుకుంటున్నారు, "మా టీమ్‌లో తప్పులు తగ్గాయి" అని. పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల నర్సింగ్ బృందాల మీద చేసి 1996లో ప్రచురించిన అధ్యయనం గుర్తొచ్చింది. బాగా నడిచే బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువగా కనిపిస్తాయని ఆమె అనుకున్నారు. లెక్కల్లో ఎక్కువగా కనిపించాయి. ఆ బృందాల్లో పొరపాట్లు బయటికి చెప్పడానికి జనం భయపడటం లేదు, తేడా అదే. మా టీమ్‌లో ఖాళీగా ఉన్న ఆ కాలమ్‌ని చూసి నేను సంతోషించలేకపోయాను.

వేరే కారణాలు కూడా చూడాలి కదా. పని పెరిగింది, కొత్త మోడళ్ళు వచ్చాయి, కొత్తవాళ్ళు చేరారు. వీటివల్ల కూడా జనం చెప్పుకోవడం తగ్గించి ఉండొచ్చు. అందుకే అదే కంపెనీలో కొత్త మెషీన్లు బిగించే ఇన్‌స్టలేషన్ టీమ్‌ని కూడా పరిశీలించాను. అదే పని ఒత్తిడి, అవే మోడళ్ళు, అదే పోర్టల్. అక్కడ సాయంత్రం ఫోన్ మోగితే ఎత్తుతున్నారు. అక్కడి మేనేజర్ కొంచెం కోపిష్టి కూడా. కానీ ఎవరి పని వాళ్ళతోనే డైరెక్టర్ ముందు చెప్పిస్తారు. రెండు టీమ్‌లతో శాస్త్రీయంగా ఏదీ నిరూపించలేం, నా అనుమానం మాత్రం బలపడింది.

బాధితుడు నేర్చుకున్న పాఠం

ఈ కేసు మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ కుర్రాడి ఇంటర్వ్యూ. సైట్‌లో జరిగింది చెప్తున్నప్పుడు అతని గొంతు వణికింది. కస్టమర్ దగ్గర నవ్వులపాలయ్యానన్నాడు. తర్వాత, మామూలుగా, పెద్ద విషయం కానట్టు ఇంకో మాట చెప్పాడు: "మొన్న కొత్తగా చేరినమ్మాయి డ్రైవ్ పారామీటర్ల గురించి అడిగింది. తెలియదన్నాను. నాకెవరు చెప్పారండీ?"

మతెయ్ చెర్నె, ఆయన సహచరులు 2014లో ప్రచురించిన అధ్యయనం ఈ వలయాన్నే వివరిస్తుంది. ఒకరు దాస్తే అవతలివారికి అపనమ్మకం పుడుతుంది, వాళ్ళూ దాస్తారు. చివరికి మొదట దాచినవాడి సృజనాత్మకతే దెబ్బతింటుంది, ఎందుకంటే అతనికీ ఎవరూ ఏమీ చెప్పరు. మా సీనియర్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. కొత్త మోడళ్ళలో వచ్చిన మార్పుల గురించి ఆయనకు ఎవరూ చెప్పడం లేదు. పాత మెషీన్ల మీద రాజు, కొత్తవాటి దగ్గర తడబాటు. ఆ తడబాటును కూడా దాచుకుంటున్నారు.

కొత్త ఇంజినీర్లు మొదటి సంవత్సరంలో మెషీన్ నేర్చుకుంటారని మనం అనుకుంటాం. దానితోపాటే ఇక్కడ ఎలా బతకాలో కూడా నేర్చుకుంటారు. ఆ రెండోదాన్ని ఎవరూ సిలబస్‌లో పెట్టరు, అయినా అదే ముందు వంటబడుతుంది.

డైరెక్టర్ ముందు

పదకొండు మంది టీమ్‌లో ఎవరి మాట ఎవరిదో పోల్చుకోవడం చాలా సులువు. అందుకే రిపోర్ట్‌లో ఒక్కరి మాట కూడా ఉన్నదున్నట్టు పెట్టలేదు. కనీసం ముగ్గురు విడివిడిగా చెప్పిన విషయాలే రాశాను. డైరెక్టర్‌కి ఇచ్చే ముందు టీమ్ అందరికీ చదివి వినిపించి, తీసేయమన్నవి తీసేశాను. ఇక్కడ చెప్పిన సీనియర్, కుర్రాడి మాటలు చాలా కాలం తర్వాత వాళ్ళ అనుమతితో రాస్తున్నవి.

డైరెక్టర్ మొదటి మాట: "నంబర్లు బాగానే ఉన్నాయి కదండీ." నిజమే. టార్గెట్లు అందుతున్నాయి. నేను అప్పుడు మనుషుల బాధ గురించి మాట్లాడలేదు. ఎన్‌కోడర్ ఎర్తింగ్ ఫాల్ట్ ఒక్కటి తీసుకుని, పాత రిపోర్టులూ కొత్త రిపోర్టులూ పక్కపక్కన పరిచాను. ఒకప్పుడు ఒక్క విజిట్‌తో పోయిన ఫాల్ట్‌కి ఇప్పుడు వేర్వేరు ఇంజినీర్లు మళ్ళీ మళ్ళీ వెళ్తున్నారు. బాగున్న సెన్సర్లు, బాగున్న ఎన్‌కోడర్లు మార్చేస్తున్నారు. ప్రతిసారీ మొదటి నుంచి కనిపెడుతున్నారు. కంపెనీ తనకు అప్పటికే తెలిసిన విషయాన్ని తిరిగి తిరిగి డబ్బు పెట్టి కొంటోంది. ఆయన చాలాసేపు ఆ కాగితాలు చూశారు. మనుషుల బాధ దానంతటదే ఆయన్ని కదిలించి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆ టీమ్‌కి కావాల్సింది నా అభిప్రాయం నెగ్గడం కాదు, పరిస్థితి మారడం.

మేనేజర్‌తోనూ మాట్లాడాను. ఆయన అన్నిటినీ కొట్టిపారేస్తారనుకున్నాను. చాలావరకు కొట్టిపారేశారు కూడా. "టీమ్ పని మేనేజర్ పేరుతోనే వెళ్తుంది, ఎక్కడైనా అంతే" అన్నారు. మూడోసారి కలిసినప్పుడు మాత్రం తన పాత బాస్ గురించి చెప్పారు. ఆయన కూడా ఇలాగే. తన అప్రైజల్‌లో తను ఏం ప్రెజెంట్ చేశారన్నది తప్ప, ఎవరిని తయారుచేశారని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదన్నారు. ఇది ఆయన చేసిన పనికి కారణం చెప్తుంది. ఆయన చేసిన పనిని సరైనదిగా చేయదు. ఈ రెండిటినీ కలిపేస్తే కిందివాళ్ళకు మరోసారి అన్యాయం చేసినట్టు.

మార్చినవి

ఏది ఎవరు కనిపెడితే వాళ్ళే నెలవారీ రివ్యూలో చెప్పాలన్నది మొదటి మార్పు. మాట్లాడటం రానివాళ్ళకు పక్కన ఒకరు సాయం ఉంటారు, పేరు మాత్రం వాళ్ళదే. సర్వీస్ రిపోర్ట్‌లో రెండు గడులు చేర్చాం: కనిపెట్టింది ఎవరు, సాయం చేసింది ఎవరు. ఆ రెండో గడి పెట్టించడానికి నేను చాలా పట్టుబట్టాను. ఫోన్‌లో ఒక్క వాక్యం చెప్పి మూడు రోజులు మిగిల్చినవాడి పేరు కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి. మేనేజర్ అప్రైజల్‌లో, ఆయన టీమ్ నుంచి ఎంతమంది పై స్థాయికి ఎదిగారన్నది చేర్చారు. డైరెక్టర్ నెలకోసారి మేనేజర్ లేకుండా ఇంజినీర్లతో కూర్చోవడం మొదలుపెట్టారు. మొదటి రెండుసార్లు అందరూ మెషీన్ల గురించి తప్ప నోరు విప్పలేదు.

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది అంతగా కనబడని మార్పు. ట్రైనింగ్, ట్రాన్స్‌ఫర్ నిర్ణయాలను మేనేజర్ ఒక్కరి చేతిలోంచి తీసి హెచ్‌ఆర్‌కీ, డైరెక్టర్‌కీ కలిపి ఇచ్చారు. తను లేకపోతే పని ఆగిపోవాలన్నది ఒక్కటే ఒక ఇంజినీర్‌కి బలమైనప్పుడు, ఆ పనిని అతను ఎవరికీ నేర్పడు. బయటికి, పైకి వెళ్ళే దారి తన చేతికి వస్తే, నేర్పినంత మాత్రాన తను చులకన అయిపోడని అర్థమవుతుంది. రెండుసార్లు ఆగిపోయిన ఆ ఇంజినీర్ ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చారు. వచ్చిన వారంలోనే తను నేర్చుకున్నది టీమ్‌కి చెప్తానని తనే అడిగారు. ఎవరూ చెప్పమనలేదు.

మేనేజర్ ఐదు నెలల తర్వాత కింద మనుషులు లేని కీలక కస్టమర్ల బాధ్యతకు మారారు. ఆ పని ఆయన బాగా చేస్తున్నారని విన్నాను. మనుషులను నడిపించడం రానివాళ్ళకు ప్రమోషన్ పేరుతో మనుషులను అప్పగించడం చాలా చోట్ల జరిగేదే.

సీనియర్ ఆగలేదు. మార్పులు మొదలైన కొన్ని వారాలకే రాజీనామా ఇచ్చారు. చివరి రోజు నేను అక్కడే ఉన్నాను. డైరెక్టర్ స్వయంగా అడిగారు, వెళ్ళే ముందు కొన్ని సెషన్లు తీసుకోమని. ఆయన మర్యాదగానే కాదన్నారు. "ఇది రెండేళ్ళ కిందట అడిగి ఉంటే రాత్రంతా కూర్చుని చెప్పేవాడినండీ" అన్నారు నాతో, బయటికి నడుస్తూ. నాకు జవాబు దొరకలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఫాలో అప్ కోసం వెళ్ళి రిపోర్టులు చూశాను. కొత్తగా చేరినవాళ్ళు "సాయం చేసింది" గడి మొహమాటం లేకుండా నింపుతున్నారు. పాతవాళ్ళలో సగం మంది రిపోర్టుల్లో అది ఇంకా ఖాళీగానే ఉంది. ఫాల్ట్ చార్ట్ చేసిన ఇంజినీర్ ఇప్పటికీ ఒక్క వాక్యమే రాస్తున్నాడు. నేను అడిగితే, "రాస్తానండీ, కొంచెం టైమ్ పడుతుంది" అన్నాడు.

ఆ కుర్రాడి పేరున్న రిపోర్ట్ ఒకటి దొరికింది. వేరే ఫ్యాక్టరీ, అదే ఎర్తింగ్ ఫాల్ట్. అప్పట్లో డ్రైవ్ పారామీటర్లు అడిగిన అమ్మాయి ఆ సైట్‌కి వెళ్ళింది. ఆమె ఫోన్ చేస్తే ఇతను చెప్పాడు. రిపోర్ట్ ఆమె రాసింది, "సాయం చేసింది" గడిలో ఇతని పేరు పెట్టింది. ఇతను సంతకం చేసే ముందు ఆ పేరు పక్కన కామా పెట్టి, కంపెనీ వదిలి వెళ్ళిపోయిన ఆ సీనియర్ పేరు కూడా చేత్తో రాశాడు.